ఆకాశమంత ధైర్యం... అడుగంటిన పెట్రోలు

విమానం నడిపిన ఆడవాళ్లు అనగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చే పేరు అమేలియా ఇయర్‌హార్ట్. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన మొట్టమొదటి మహిళ. భూగోళాన్ని చుట్టి రావాలని బయల్దేరి 1937 జూలై 2న పసిఫిక్ మహాసముద్రం మీద కనిపించకుండా పోయింది. నలభయ్యో ఏడు నిండడానికి అప్పటికి మూడు వారాలే తక్కువ.

ఆ తర్వాత ఆమె గురించి పుట్టిన కథలకు అంతూ పొంతూ లేదు. జపాన్ వాళ్లు పట్టుకెళ్లారన్నారు. గూఢచారి అన్నారు. పేరు మార్చుకుని అమెరికాలోనే కాపురం చేసుకుంటోందని కూడా రాశారు! ఇన్ని కథల హోరులో అసలు సంగతి మరుగున పడింది. ఆ రోజు ఆమె రేడియోలో చివరి గంటల్లో చెప్పిన ముఖ్యమైన కబురు ఒక్కటే – దీవి కనబడటం లేదు, పెట్రోలు అయిపోవస్తోంది అని.

చిన్న విమానం ప్రమాదం అంటే మన తెలుగువాళ్లకు గుర్తొచ్చేది మన సౌందర్య. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ వెళ్లాలని బెంగళూరులోని జక్కూరు నుంచి బయల్దేరిన విమానం, లేచిన కొద్ది నిమిషాలకే కూలిపోయింది. సౌందర్యా, ఆమె అన్నగారూ ఒకేసారి వెళ్లిపోయారు. ఆ కబురు విని మన ఇళ్లల్లో కన్నీళ్లు పెట్టుకోని వాళ్లు లేరు. అయితే అది ఎక్కిన మనిషి చేతిలో లేని ప్రమాదం. అమేలియా కథ వేరు. అక్కడ విమానం ఆమెది, నడిపింది ఆమె, ఎంత పెట్రోలు పోయాలో, ఎంత మిగలాలో నిర్ణయించుకున్నదీ ఆమే. అందుకే ఆమె జీవితాన్ని ఈసారి రికార్డుల వైపు నుంచి కాకుండా పెట్రోలు ట్యాంకు వైపు నుంచి చెప్పాలనిపించింది.

పాక కప్పు మీంచి జారిన పిల్ల

1897 జూలై 24న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని అచిసన్ అనే ఊళ్లో, అమ్మమ్మగారింట్లో పుట్టింది అమేలియా. తాతగారు జడ్జిగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఊళ్లో పలుకుబడి, ఇంట్లో కలిమి. పెద్దమనవరాలు చాలా ఏళ్లు ఆ ఇంట్లోనే పెరిగింది. తల్లి ఏమీ మాత్రం తన ఇద్దరు కూతుళ్లనూ కదలకుండా కూర్చునే బొమ్మల్లా పెంచదల్చుకోలేదు. ఆటలకు అడ్డం రాకుండా గౌనులకు బదులు నిక్కర్లలాంటివి కుట్టించింది. అమ్మమ్మగారికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఇరుగుపొరుగు నోళ్లు నొక్కుకున్నారు.

ఏడేళ్ల వయసులో ఒక సంతలో జారుడుబండి లాంటి రైలు చూసొచ్చి, ఇంటి పెరట్లో పాక కప్పు మీంచి కిందికి చెక్కలు దిగ్గొట్టించి, చెక్కపెట్టెలో కూర్చుని జారింది. పెట్టె విరిగింది, పెదవి చిట్లింది, గౌను చిరిగింది. ఏడవాల్సిన పిల్ల, ఎగిరినట్టుందని చెల్లెలితో సంబరపడిపోయింది.

తండ్రి ఎడ్విన్ రైల్వే కంపెనీలో లాయరు. తెలివైనవాడే కానీ తాగుడికి అలవాటుపడ్డాడు. ఉద్యోగం పోయింది. అల్లుడి వాలకం చూసి అమ్మమ్మగారు కూతురికి రావలసిన ఆస్తిని అతని చేతికి అందకుండా వీలునామాలో కట్టుదిట్టం చేసింది. ఇల్లు మారుతూ, ఊళ్లు మారుతూ, బళ్లు మారుతూ అమేలియా 1916లో షికాగోలో హైస్కూలు చదువు ముగించింది. తాగే తండ్రి ఉన్న ఇంట్లో పెద్దకూతురు ఎంత త్వరగా పెద్దదైపోతుందో మనకు ఒకరు చెప్పాలా! ఆ రోజుల్లోనే ఆమె ఒక పుస్తకం పెట్టుకుని, మగవాళ్ల పనులనుకునే వాటిల్లో పైకొచ్చిన ఆడవాళ్ల గురించి పేపర్లో పడినవన్నీ కత్తిరించి అంటించుకునేది.

1917 చివర్లో కెనడాలో చదువుకుంటున్న చెల్లెల్ని చూడ్డానికి టొరంటో వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లు చేతులు పోగొట్టుకున్న సైనికులు వీధుల్లో నడుస్తుంటే చూసి, కాలేజీ మానేసి అక్కడి మిలటరీ ఆస్పత్రిలో సహాయకురాలిగా చేరింది. ఆ ఊళ్లోనే విమానాలు దగ్గరగా చూసింది.

పది డాలర్లు, పది నిమిషాలు

1920 డిసెంబరు 28న కాలిఫోర్నియాలో తండ్రి ఆమెను విమానాల ప్రదర్శనకు తీసుకెళ్లాడు. పది డాలర్లిస్తే పది నిమిషాలు విమానంలో తిప్పేవాళ్లు. నేల వదిలిన కాసేపటికే ఇదే తన బతుకని ఆమె నిశ్చయించుకుంది.

నిశ్చయం సరే, డబ్బో? టెలిఫోను కంపెనీలో గుమస్తాగా చేసింది. ఫొటోలు తీసింది. లారీ తోలింది. 1921 జనవరిలో నీటా స్నూక్ అనే ఆడ పైలట్ దగ్గర పాఠాలు మొదలుపెట్టింది. నేర్చుకున్నదీ ఆడమనిషే, నేర్పినదీ ఆడమనిషే! ఆ ఏడే పసుపు రంగు పాత విమానం ఒకటి కొనుక్కుంది. 1922లో అందులో 14,000 అడుగుల ఎత్తుకు వెళ్లి ఆడవాళ్లలో రికార్డు పెట్టింది. మరుసటేడు లైసెన్సు వచ్చింది.

తర్వాత ఇంటి పరిస్థితి దిగజారింది. తల్లిదండ్రులు 1924లో విడిపోయారు. అమేలియా విమానం అమ్మేసి, కారు కొని, తల్లిని కూర్చోబెట్టుకుని దేశం ఆ చివర నుంచి ఈ చివరకు నడుపుకుంటూ వచ్చింది. బోస్టన్ నగరంలో డెనిసన్ హౌస్ అనే సేవా సంస్థలో చేరి, పరాయి దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. విమానం సెలవు రోజుల సరదా అయింది. అక్కడే ఉండిపోయి ఉంటే ఆమె పేరు మనకు తెలిసేదే కాదు.

నారింజపండుకు కట్టిన చీటీ

1928 ఏప్రిల్లో ఒక ఫోను వచ్చింది. అట్లాంటిక్ దాటే విమానంలో ఒక ఆడమనిషి కూడా ఉండాలని ఒక సంపన్నురాలు ఖర్చు పెడుతోంది, వస్తావా అని. నడిపేది విల్మర్ స్టల్ట్జ్. మెకానిక్ లూయీ గోర్డన్. అమేలియా పని వెనక కూర్చుని డైరీ రాసుకోవడం. మగవాళ్లిద్దరికీ డబ్బు ముట్టింది, ఆమెకు పైసా లేదు.

ఇక్కడే మొదటిసారి ఆమెకు పెట్రోలు పాఠం ఎదురైంది. ఒక గ్యాలన్ విమానం పెట్రోలు దాదాపు రెండున్నర కిలోలకు పైనే తూగుతుంది. సముద్రం దాటాలంటే వందల గ్యాలన్లు కావాలి. అంత పోస్తే విమానం నీళ్ల మీంచి లేవదు. తక్కువ పోస్తే ఒడ్డు చేరదు. న్యూఫౌండ్‌లాండ్‌లోని ట్రెపాసీ రేవులో రెండు వారాలు ఇదే తంటా. చివరికి కొంత పెట్రోలు దింపేసి బయల్దేరారు.

జూన్ 18 ఉదయానికి మబ్బుల్లో దారి తెలీడం లేదు, రేడియో మూగబోయింది. కింద ఒక ఓడ కనబడితే, మేమెక్కడున్నామో ఓడ మీద రాసి చూపించమని చీటీ రాసి, నారింజపండ్లతో బరువు కట్టి అమేలియా విమానంలోంచి విసిరింది. పండ్లు సముద్రంలో పడ్డాయి. ట్యాంకుల్లో కాస్త పెట్రోలే ఉంది. ఓడ పక్కన దిగిపోదామా, ముందుకు పోదామా? ముందుకే పోయారు. అదృష్టం బాగుండి నేల కనబడింది. 20 గంటల 40 నిమిషాల ప్రయాణం తర్వాత వేల్స్‌లోని బరీ పోర్టు దగ్గర నీళ్ల మీద దిగారు. అది ఐర్లండ్ అనుకున్నారట!

లోకం ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఆమె మాత్రం తానొక బంగాళాదుంపల బస్తా లాంటి సరుకునే తప్ప పైలట్‌ను కానని నిజాయితీగా చెప్పింది. ఎప్పటికైనా ఒక్కతే దాటి చూపించాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

షరతుల మీద పెళ్లి

ఈ ప్రయాణం ఏర్పాట్లు చూసిన ప్రచురణకర్త జార్జ్ పుట్నమ్ ఆమెను పెళ్లాడతానన్నాడు. ఆరుసార్లు అడిగితే గానీ ఒప్పుకోలేదంటారు. 1931 ఫిబ్రవరి 7న పెళ్లి. ఆ ఉదయం వరుడి చేతికి ఒక ఉత్తరం ఇచ్చింది. పెళ్లి పేరుతో తన పనికి సంకెళ్లు పడకూడదని, ఒకర్నొకరు కట్టిపడేసుకోవద్దని, ఏడాదిలో ఇద్దరికీ సుఖం లేదనిపిస్తే తనను వదిలిపెడతానని మాటివ్వమని దాని సారాంశం. తల్లి కాపురం కళ్లారా చూసిన కూతురు అలా రాయడంలో నాకు పొగరు కనబడదు, భయం కనబడుతుంది. పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకుంది. పుట్నమ్ ఆ షరతులకు కట్టుబడ్డాడు. ఆమె ఉపన్యాసాలు, పుస్తకాలు, ఆమె పేరు మీద అమ్మిన బట్టలు... అన్నీ అతనే చూసుకునేవాడు. ఒక యాత్ర ఖర్చు ఇంకో యాత్ర కీర్తితోనే రావాలి కనక, ఆగడానికి వీల్లేని బండి అయిపోయింది ఆమె జీవితం.

తన ఒక్కదాని పేరే కాకుండా తోటివాళ్ల గురించీ పట్టించుకుంది. 1929లో అమెరికాలోని ఆడ పైలట్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. మొదట చేరినవాళ్లు 99 మంది కావడంతో దాని పేరే తొంభైతొమ్మిది! ఎన్నికైన తొలి అధ్యక్షురాలు అమేలియా.

1932 మే 20న న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఎర్రరంగు లాక్‌హీడ్ వేగా విమానంలో ఒక్కతే బయల్దేరింది. ఎత్తు చూపించే మీటరు చెడిపోయింది. రెక్కల మీద మంచు పేరుకుని విమానం గిరగిరా తిరుగుతూ సముద్రం దాకా జారింది. ఇంజను పొగగొట్టం అతుకు ఊడి మంటలు కనబడుతున్నాయి. వీటికి తోడు పెట్రోలు మీటరు దగ్గర కారడం మొదలై బొట్టు బొట్టుగా ఆమె భుజం మీద పడుతోంది. ఒక పక్క మంట, ఒక పక్క పెట్రోలు! పారిస్ దాకా వెళ్లాలన్న ఆలోచన మానుకుని, ఉత్తర ఐర్లండ్‌లో ఆవులు మేస్తున్న బీడులో దిగింది. సుమారు పదిహేను గంటల ప్రయాణం. అనుకున్న ఊరు చేరకపోయినా ఆ రోజు ఆమె చేసింది తెలివైన పని అని నా అభిప్రాయం.

1935 జనవరిలో హవాయి దీవుల నుంచి కాలిఫోర్నియా దాకా ఒంటరిగా వచ్చి మరో రికార్డు పెట్టింది. ఆ ఏడే పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ఆడపిల్లలకు ఉద్యోగ సలహాలిచ్చే పని అప్పగించింది. ఆ విశ్వవిద్యాలయం సమకూర్చిన నిధితోనే రెండు ఇంజన్ల లాక్‌హీడ్ ఎలక్ట్రా వచ్చింది. సరిగ్గా ముప్ఫైతొమ్మిదో పుట్టినరోజునాడు చేతికందింది.

మన వానల్లోంచి

భూమధ్యరేఖ వెంబడి ప్రపంచాన్ని చుట్టాలని సంకల్పం. 1937 మార్చిలో మొదటి ప్రయత్నం హవాయిలో విమానం నేల మీదే అదుపు తప్పి దెబ్బతినడంతో ఆగింది. బాగుచేయించి, ఈసారి తూర్పు దిక్కుగా జూన్ 1న మయామీ నుంచి బయల్దేరింది. తోడు ఫ్రెడ్ నూనన్ – నక్షత్రాలు చూసి సముద్రం మీద దారి కట్టడంలో ఆరితేరినవాడు. విమానంలో ప్రయాణికుల సీట్లు పీకేసి ఆ చోటంతా పెట్రోలు ట్యాంకులు బిగించారు. ముందు ఆమె, ట్యాంకుల వెనక అతను. వెదురు గాలపు కర్ర చివర చీటీ తగిలించి ట్యాంకుల మీదుగా అందించుకునేవారు!

దక్షిణ అమెరికా, ఆఫ్రికా దాటి ఎర్రసముద్రం ఒడ్డు నుంచి ఆగకుండా జూన్ 15న అప్పటి మన దేశంలోని కరాచీ చేరింది. ఆ దారిలో ఏకబిగిన వచ్చిన మొదటి మనిషి ఆమే. 17న కలకత్తా. అప్పటికే నైరుతి రుతుపవనాలు ముంచుకొచ్చాయి. డండం మైదానం చిత్తడి. నిండు ట్యాంకుల విమానం బురదలో పరుగెత్తి, చివరనున్న చెట్లను తగలబోయి తప్పించుకుని లేచింది. బర్మా తీరంలో జడివాన రెక్కల అంచుల రంగు ఊడగొట్టేంత జోరుగా కొట్టింది. ముందుకు పోలేక వెనక్కి తిరిగి అక్యాబ్‌లోనే దిగింది. వెనక్కి తిరగడం ఆమెకు చేతకాదని కాదు, చూశారా! వెనక నేల ఉంది, తిరిగింది.

ఆ ముందేడు, 1936లో, ఇరవయ్యొక్కేళ్ల సరళా థక్రాల్ చీర కట్టుకుని లాహోరులో విమానం నడిపి లైసెన్సు పొందింది.

గోధుమగింజంత దీవి

జూన్ 29కి న్యూగినీలోని లే చేరారు. 22,000 మైళ్లు అయిపోయాయి. మిగిలింది 7,000 మైళ్లు, అంతా సముద్రమే. ముందున్నది హౌలాండ్ దీవి. 2,556 మైళ్ల దూరం, అంటే నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. ఆ దీవి పొడవు రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు. వెడల్పు కిలోమీటరు లోపు. ఎత్తు మన రెండంతస్తుల మేడ అంత. అంత సముద్రంలో దాన్ని పట్టుకోవడమంటే వాకిట్లో పారబోసిన ఇసుకలో గోధుమగింజ వెతకడమే.

ట్యాంకుల్లో పట్టేది 1,150 గ్యాలన్ల వరకు. పోసింది దాదాపు 1,100 అని చాలామంది పరిశోధకుల అంచనా. అంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. ఈ పెట్రోలు ఎన్ని గంటలు వస్తుందన్నది ఎంత పోశామన్నదాని మీదే కాదు, ఎలా వాడామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఇది మనకు పొయ్యి దగ్గర తెలిసిన విషయమే. స్టవ్వుకు గాలి చాలకపోతే మంట పసుపుపచ్చగా వస్తుంది, గిన్నెలు మసిబారతాయి, గ్యాసు వృథా. గాలి సరిపోతే నీలం మంట. విమానంలోనూ అంతే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది కనక పెట్రోలు పాళ్లు తగ్గిస్తూ పోవాలి. అందుకు ఒక మీట ఉంటుంది. ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఏ గంటకు ఎంత తాగించాలో లాక్‌హీడ్ ఇంజనీరు కెల్లీ జాన్సన్ ముందే లెక్కకట్టి ఇచ్చాడు. ఇంజను పొగను బట్టి పాళ్లు చూపించే పరికరం కూడా విమానంలో ఉంది.

లెక్క కాగితం మీద సరిపోయింది. గాలి మాత్రం కాగితం చదవదు కదా! ఎదురుగాలి అనుకున్నదానికన్నా బలంగా వీచింది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్లకు ఆ కష్టం తెలుసు. అంతే దూరం, రెట్టింపు శ్రమ. అవే గ్యాలన్లు, తక్కువ మైళ్లు.

జూలై 2 ఉదయం పది గంటలకు గడ్డి మైదానం చివరి దాకా పరుగెత్తి, సముద్రం మీద కాస్త కిందికి కుంగి, విమానం లేచింది. అంతర్జాతీయ దినరేఖ మధ్యలో ఉండటం వల్ల హౌలాండ్ దగ్గర తెల్లవారేసరికి కూడా అది జూలై 2నే. అక్కడ ఇటాస్కా అనే అమెరికా గస్తీ ఓడ ఆమె కోసం నల్లటి పొగ వదులుతూ నిలబడి ఉంది.

రేడియో సహాయంతో దిక్కు పట్టుకోవాలన్నది ఏర్పాటు. ఆమె మాటలు ఓడకు వినబడుతున్నాయి. ఓడ మాటలు ఆమెకు వినబడటం లేదు. పొడవాటి వేలాడే ఏరియల్‌నూ, మోర్స్ సంకేతాలు పంపే మీటనూ దారిలోనే వదిలేశారు. ఇద్దరికీ మోర్స్ పెద్దగా రాదు. ఓడా, విమానమూ వాడిన గడియారం వేళలు కూడా ఒకటి కావు. ఏ ఒక్కటీ ప్రాణాలు తీసేంత పెద్ద లోపం కాదు. ట్యాంకులో ఇంకో నాలుగు గంటల పెట్రోలు ఉంటే, అటూ ఇటూ తిరిగి వెతుక్కోవడానికి వీలుండేది.

ఉదయం 7.42కి, మీ మీదే ఉన్నామనుకుంటున్నాం, మీరు కనబడటం లేదు, పెట్రోలు తగ్గిపోతోంది అని ఆమె గొంతు. 8.43కి, ఫలానా రేఖ మీద ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతున్నాం అని మరో కబురు. బయల్దేరి ఇరవై గంటలు దాటింది. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఓడలూ, విమాన వాహక నౌక లెక్సింగ్టన్ మీది విమానాలూ రెండున్నర లక్షల చదరపు మైళ్ల సముద్రం గాలించాయి. రెండు వారాల తర్వాత ఆపేశారు. 1939 జనవరి 5న చట్టప్రకారం ఆమె మరణించినట్టు ప్రకటించారు. ఈనాటికీ వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు. మరో దీవిలో దిగి కొన్నాళ్లు బతికారని కొందరంటారు. ఇంధనం అయిపోయి హౌలాండ్ దగ్గర్లోనే సముద్రంలో పడ్డారన్నదే ఎక్కువమంది నమ్మేది. 2024లో సముద్రం అడుగున విమానం ఆకారం దొరికిందని గొప్ప హడావుడి జరిగింది. దగ్గరికెళ్లి చూస్తే అది రాయి!

ఆడదైనందుకు కాదు

ఈ మధ్య మా బంధువుల్లో ఒకమ్మాయి పైలట్ శిక్షణకు వెళ్తానంది. మా పిన్నిగారు వెంటనే, ఆ అమెరికా ఆవిడ ఏమైందో, సౌందర్య ఏమైందో చూడలేదా, ఆడపిల్లకెందుకమ్మా గాలిలో పని అన్నారు. ఆవిడ బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాటలో న్యాయం లేదు.

పెట్రోలుకు ఆడామగా తేడా తెలీదు. అమేలియా పోయిన అరవయ్యేళ్లకు, 1997 అక్టోబరు 12న అమెరికాలో జాన్ డెన్వర్ అనే గొప్ప గాయకుడు కొత్తగా కొనుక్కున్న చిన్న విమానంలో కాలిఫోర్నియా తీరం మీద విహారానికి బయల్దేరాడు. వేల గంటలు విమానం నడిపిన అనుభవం ఉన్నవాడు. ట్యాంకుల్లో తక్కువుందని చెప్పి పోయమంటారా అని మెకానిక్ అడిగితే, గంటసేపే కదా అక్కర్లేదన్నాడు. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే పిడి ఆ విమానంలో పైలట్ ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పడానికి వెనక్కి ఒళ్లు తిప్పాలి. ఆ ప్రయత్నంలోనే విమానం అదుపు తప్పి సముద్రంలో పడిందని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. అందులో ఆయన ఒక్కడే ఉన్నాడు. మగవాళ్లకెందుకీ విమానాలని ఎవరైనా అన్నారా?

దీనికి మరో వైపు కూడా ఉంది. ఇంగ్లండు అమ్మాయి ఏమీ జాన్సన్ 1930లో ఒంటరిగా ఆస్ట్రేలియాకు పోతూ పెట్రోలు చాలక మన ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. అలహాబాదు దాకా లాగుదామని మొండికెయ్యకుండా, కనబడిన చోట దిగింది. పెట్రోలు పోయించుకుని మళ్లీ ఎగిరింది, ఆస్ట్రేలియా చేరింది. దిగడానికి చోటు ఉండగా దిగినవాళ్లకు రేపు మళ్లీ ఎగిరే అవకాశం ఉంటుంది.

కాలవ కట్టేసే ముందు

అమేలియా దగ్గర లేనిది ధైర్యం కాదు, చదువు కాదు. నాలుగు గంటల మిగులు లేదు. సరిపోతుంది అన్నచోట ఆగిపోయింది లెక్క. మిగులుతుందా అన్న రెండో ప్రశ్న దాకా రాలేదు.

ఆ రెండో ప్రశ్న మన ఆడవాళ్లకు కొత్తా? సిలిండరు వెలిగించిన తేదీ గోడ క్యాలెండరు మీద రాసుకుంటాం. రెండోది నిండుగా ఉంటే గానీ పండక్కి చుట్టాల్ని పిలవం. మా సంగం జాగర్లమూడిలోనూ, కృష్ణా పడమటి డెల్టా ఊళ్లన్నిటిలోనూ వేసవిలో కాలవ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. రోజూ వాడేదెంత, మళ్లీ నీళ్లు వదిలేదెప్పుడు అని మాత్రమే చూసుకుని ఊరుకోరు. వానలు ఆలస్యమైతే ఏం గతి అని ఇంకో అడుగు ఎక్కువ నింపుతారు. ఆ ఇంకో అడుగే విమానంలో రిజర్వు. ఇప్పటి విమానయాన నిబంధనల్లో గమ్యానికి చాలినంత ఉంటే సరిపోదు, పైన ఇంత మిగులు ఉండి తీరాలని చట్టమే ఉంది.

ఇవాళ పైలట్లలో ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. గుంటూరు, చీరాల వైపు మూలాలున్న బండ్ల శిరీష 2021లో రోదసి అంచుల దాకా వెళ్లి వచ్చింది. మన పిల్లలు వెళ్తారు. విమానమే కానక్కర్లేదు. పరాయి ఊళ్లో ఉద్యోగం, సొంత వ్యాపారం, నచ్చిన పెళ్లి... ఏదైనా కావచ్చు. వద్దని తలుపు గడియ పెట్టే బదులు, వెళ్లేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అడుగుదాం. ఎంత దూరం? చేతిలో ఎంత ఉంది? ఎదురుగాలి వీస్తే ఎంత కావాలి? ఏ చోటు దాటితే వెనక్కి రావడం కుదరదు? మధ్యలో దిగాల్సొస్తే సిగ్గుపడకుండా ఎక్కడ దిగుతావు?

వీటికి జవాబులు చెప్పగలిగిన పిల్లను నిశ్చింతగా పంపించవచ్చు. మధ్యలో దిగి ఇంటికొచ్చిన పిల్లను ఓడిపోయి వచ్చిందనకుండా, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అన్నం పెట్టాలి. మళ్లీ బయల్దేరడానికి ఆ పిల్లకు మనమిచ్చే రిజర్వు అదే.